స్టార్ గుర్తు ఒకటే, అర్థాలు వేరు: చాట్ మార్కప్ మార్పిడి ప్రాజెక్టు డైరీ

జనవరి, మొదటి వారం

తెలుగు ఫాంట్లు, కీబోర్డులు, పాత డీటీపీ ఫైళ్ల గురించి మాట్లాడుకునే చిన్న గ్రూపు మాది. ఎక్కువమంది టెలిగ్రామ్‌లో ఉంటారు. సొంత సర్వర్ మీద మోజున్నవాళ్లు మ్యాట్రిక్స్‌లో, వాళ్లకు ముందు తరం ఎక్స్‌ఎంపీపీలో ఉన్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఇప్పటికీ ఐఆర్‌సీ అనే పాత చాట్ పద్ధతిని వదలరు. వారం చివర ముఖ్యమైన సంగతులన్నీ కలిపి వాట్సాప్‌లో వేస్తాం. ఒకచోట రాసింది మిగతా చోట్ల కనబడేలా ఒక బాట్ నడుస్తోంది. అక్షరాలు బాగానే చేరుతున్నాయి, ఫార్మాటింగే దారిలో నలిగిపోతోంది.

ఇన్నాళ్లూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బోల్డ్ పోతే పోయింది, నాలుగు స్టార్లు అదనంగా కనబడితే కనబడ్డాయి. మొన్న ఆన్‌లైన్ మీటింగ్ టైము మారింది. టెలిగ్రామ్‌లో ఒకరు పాత టైము మీద గీత కొట్టి పక్కన కొత్తది రాశారు. ఐఆర్‌సీకి చేరేసరికి ఆ గీత పోయి, "సాయంత్రం 5 గంటలకు 6 గంటలకు" అని మిగిలింది. "అన్నా, ఇంతకీ అయిదింటికా, ఆరింటికా?" అని అవతలి నుంచి ప్రశ్న. ఇక బాట్‌లోని మార్కప్ (బోల్డ్ లాంటి ఫార్మాటింగ్‌ను తెలిపే గుర్తులు) భాగం మొత్తం తీసేసి కొత్తగా రాద్దామని కూర్చున్నాను.

ముందు ఎవరి గుర్తులేమిటో ఒక కాగితం మీద వేసుకున్నాను. `*ముఖ్యం*` అని రాస్తే వాట్సాప్‌లో, స్లాక్‌లో, ఎక్స్‌ఎంపీపీ వారి ఎక్స్‌ఈపీ-0393లో (ఎక్స్‌ఎంపీపీకి చేర్చిన నియమాల పత్రాల్లో ఒకటి), టెలిగ్రామ్ బాట్ల మార్క్‌డౌన్‌లో (గుర్తులతో ఫార్మాటింగ్ రాసే పద్ధతి) అది బోల్డ్. డిస్కార్డ్‌లోనూ, మ్యాట్రిక్స్ క్లయింట్లలోనూ అదే ఇటాలిక్, అక్కడ బోల్డ్ కావాలంటే రెండేసి స్టార్లు పెట్టాలి. `__ముఖ్యం__` మామూలు మార్క్‌డౌన్‌లో బోల్డ్, డిస్కార్డ్‌లో అండర్‌లైన్, టెలిగ్రామ్ రెండో వెర్షన్ మార్క్‌డౌన్‌లోనూ అండర్‌లైనే. కొట్టివేతకు కొందరు ఒక టిల్డ (~) అంటారు, కొందరు రెండంటారు. ఐఆర్‌సీలో కంటికి కనబడే గుర్తులే లేవు. కంట్రోల్ క్యారెక్టర్లతో పని: 2 అంటే బోల్డ్, 29 ఇటాలిక్, 31 అండర్‌లైన్, 30 కొట్టివేత, 15 అన్నీ రద్దు.

మార్క్‌డౌన్‌ను జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేశాడు. అప్పటికే ఈమెయిళ్లలో జనం చేతివాటంగా వాడుతున్న స్టార్లు, అండర్‌స్కోర్లనే ఒక పద్ధతిలో పెట్టాడు. మెసేజింగ్ యాప్‌లు కూడా ఆ ఈమెయిల్ అలవాటునే తీసుకున్నాయి, కానీ ఎవరికి తోచినట్టు వాళ్లు. అందుకే చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పూర్తిగా వేరుగా ఉండి ఉంటే ఇంత తికమక ఉండేది కాదనిపిస్తుంది.

సంక్రాంతి సెలవుల్లో

పాత బాట్ చేసే పని సింపుల్: టెలిగ్రామ్ గుర్తు కనబడితే దాన్ని మ్యాట్రిక్స్ గుర్తుగా మార్చు, మ్యాట్రిక్స్‌ది కనబడితే ఎక్స్‌ఎంపీపీదిగా మార్చు. ఇలా జంటజంటకూ ఒక మార్పిడి రాస్తూ పోతే అయిదు యాప్‌లకు ఇరవై దారులు అవుతాయి. దారి ఒక్కొక్కదానికీ దాని సొంత గొడవలు. పైగా సగంలో ఉన్న పాఠ్యంలో ఏ స్టార్ ఇంకా పాతది, ఏది అప్పటికే మార్చినది అన్నది తెలియదు.

అందుకని మధ్యలో ఏ మార్కప్పూ వద్దనుకున్నాను. వచ్చిన మెసేజ్‌ను గుర్తులన్నీ తీసేసిన శుద్ధ పాఠ్యంగానూ, పక్కన శైలుల జాబితాగానూ విడదీయాలి. పంపేటప్పుడు అవతలి యాప్ పద్ధతిలో మళ్లీ కట్టాలి. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. టెలిగ్రామ్ సర్వర్ మెసేజ్‌ను ఇచ్చేదే ఇలా: పాఠ్యం వేరు, ఎక్కడ మొదలై ఎంత పొడవున బోల్డ్ అన్న జాబితా వేరు. సిగ్నల్ కూడా ఇలాగే చేస్తుంది. ఎక్స్‌ఎంపీపీలో ఎక్స్‌ఈపీ-0394 అనే ఎక్స్‌టెన్షన్ ఉన్నదే ఇందుకోసం.

నా దగ్గర ఒక మెసేజ్ ఇప్పుడిలా ఉంటుంది:

```
పాఠ్యం: 🙏 హైదరాబాద్‌లో మీటింగ్
శైలి:   బోల్డ్, మొదలు 2, పొడవు 9
```

శైలులను రెండు జాతులుగా విడగొట్టాను. బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్ పోయినా వాక్యం అర్థం మారదు. కొట్టివేత, స్పాయిలర్ (నొక్కితేనే కనబడేలా దాచిన ముక్క), లింకు పోతే మారుతుంది. మొదటి జాతిని అవతలి యాప్ చూపలేకపోతే నిశ్శబ్దంగా వదిలేయొచ్చు. రెండో జాతిని వదలకూడదు, మాటల్లోనైనా చెప్పాలి. ఐఆర్‌సీకి కొట్టివేత కోడ్ ఉన్నా అన్ని క్లయింట్లూ దాన్ని చూపవు. అందుకని అక్కడికి "(రద్దు: 5 గంటలకు) 6 గంటలకు" అని వెళ్తుంది. లింకు ఉంటే పేరు, పక్కన చిరునామా. స్పాయిలర్ ఉంటే ఆ ముక్క తీసేసి "దాచిన భాగం టెలిగ్రామ్‌లో చూడండి" అని పెట్టాను. దీని మీద గ్రూపులో వాదన జరిగింది. దాచిన పజిల్ జవాబు ఐఆర్‌సీలో బట్టబయలు కావడం కంటే అసలు రాకపోవడమే నయమని నా పక్షం, ఆ పక్షమే నెగ్గింది.

జనవరి చివర్లో: లెక్కపెట్టడం

"మొదలు 2, పొడవు 9" అన్నాను. వేటిని లెక్కపెట్టి?

హైదరాబాద్ అన్న మాటలో కంటికి కనబడేవి అయిదు అక్షరాలు: హై, ద, రా, బా, ద్. యూనికోడ్ కోడ్ పాయింట్లుగా (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే నంబర్లుగా) అయితే తొమ్మిది, ఎందుకంటే ఐత్వం, రెండు దీర్ఘాలు, చివరి పొల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి. యూటీఎఫ్-8 బైట్లలో 27. తెలుగు బ్లాకులో ప్రతి కోడ్ పాయింటూ మూడు బైట్లు తింటుంది.

టెలిగ్రామ్ లెక్క యూటీఎఫ్-16 యూనిట్లలో (రెండేసి బైట్ల ముక్కల్లో) ఉంటుంది. ఎక్స్‌ఈపీ-0394ది కోడ్ పాయింట్ల లెక్క. పైథాన్ కూడా స్ట్రింగ్ పొడవును కోడ్ పాయింట్లలోనే చెబుతుంది. తెలుగు అక్షరాల వరకు యూటీఎఫ్-16 యూనిట్లూ కోడ్ పాయింట్లూ ఒకటే, కాబట్టి అచ్చ తెలుగు మెసేజ్‌లతో ఎన్ని టెస్టులు రాసినా అన్నీ పాసవుతాయి. తేడా బయటపడేది ఎమోజీ వచ్చినప్పుడు. 🙏 ఒక కోడ్ పాయింటు, కానీ రెండు యూనిట్లు. చర్మం రంగు మార్చిన నమస్కారమైతే రెండు కోడ్ పాయింట్లు, నాలుగు యూనిట్లు. మన గ్రూపుల్లో దండం పెట్టకుండా మొదలయ్యే నోటీసు ఉంటుందా!

పై ఉదాహరణలో హ అక్షరం కోడ్ పాయింట్లలో 2వ స్థానం, టెలిగ్రామ్ లెక్కలో 3వ స్థానం. మార్చకుండా 2 అనే పంపి చూస్తే, ముందున్న ఖాళీ బోల్డ్‌లోకి వచ్చి, చివరి పొల్లు బయట పడింది. టెస్టు గదిలో ఉన్న పెద్దాయన, నలభై ఏళ్లు కంపోజింగ్ చేసిన చెయ్యి, వెంటనే పట్టేశారు: "బాబూ, నాకు ద విడిగా, పొల్లు విడిగా కనబడుతోంది. ఏదో తెగింది చూడు."

లోపల అంతా కోడ్ పాయింట్లలో ఉంచి, టెలిగ్రామ్ గుమ్మం దగ్గర మాత్రమే లెక్క మార్చాలని నిర్ణయం. ఇంకో జాగ్రత్త: పాఠ్యాన్ని యూనికోడ్ నార్మలైజేషన్‌కు (ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకే రూపానికి తేవడం) పంపే పని ఏదైనా ఉంటే శైలుల లెక్క వేయడానికి ముందే చేయాలి. తెలుగులో ఐత్వం గుర్తు ఒక్కటి విడదీసే రూపంలో రెండు కోడ్ పాయింట్లు అవుతుంది. హైదరాబాద్ అప్పుడు తొమ్మిది కాదు, పది.

మనవాళ్లు ఇంగ్లీషు మాటలకు గణిత చిహ్నాల బ్లాకులోని బొద్దు అక్షరాలు కాపీ చేసి బోల్డ్‌లా వాడుతుంటారు కదా, అవి ఒక్కోటి రెండు యూనిట్లు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు ఆ రాత నరకం. నాకు మాత్రం మంచి టెస్టు డేటా దొరికింది.

ఫిబ్రవరి మొదట్లో: పదం ఎక్కడ ముగుస్తుంది

ఎక్స్‌ఎంపీపీ నుంచి, వాట్సాప్ నుంచి అతికించిన పాఠ్యాల నుంచి గుర్తులు చదవాలి. ఏ అండర్‌స్కోర్ ఇటాలిక్, ఏది ఫైలు పేరులో భాగం? అందరూ చేసేదే: ముందు పదాక్షరం ఉంటే అది తెరిచే గుర్తు కాదు, తర్వాత పదాక్షరం ఉంటే మూసే గుర్తు కాదు. పాత బాట్‌లో ఈ నియమం ఉంది. అయినా ఈ మెసేజ్ చెడిపోతోంది:

```
మల్లె_కొత్త ఫైలు, _వద్దు_ అన్నది పాతది
```

ఇందులో ఇటాలిక్ కావాల్సింది "వద్దు" ఒక్కటే. వచ్చింది "కొత్త" నుంచి "వద్దు" దాకా. వింతేమిటంటే, ఫైలు పేరును "మల్లెల_కొత్త" అని మారిస్తే అంతా సరిగ్గా ఉంది.

పైథాన్‌తో వచ్చే రెజెక్స్ (పాఠ్యంలో నమూనాలు వెతికే పనిముట్టు) దృష్టిలో పదాక్షరం అంటే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో "మార్క్" వర్గంలోకి వస్తాయి, వాటిని అది పదాక్షరాలుగా ఎంచదు. "తెలుగు" అన్న మాటలోంచి పదాలు ఏరమంటే త, ల, గ అని మూడు ముక్కలిస్తుంది. "గమనిక"ను "గమన", "క" అని రెండు చేస్తుంది. కాబట్టి మల్లె చివరి ఎత్వం దానికి పదాక్షరం కాదు, దాని పక్కనున్న అండర్‌స్కోర్ తెరిచే గుర్తు అయి కూర్చుంది. మల్లెల చివర తలకట్టు అక్షరం, అందుకని బతికిపోయింది. గుణింతంతో ముగిసే మాటల దగ్గర మాత్రమే వచ్చే బగ్ ఇది. ఇంగ్లీషు మాటలతో టెస్టు చేసేవాళ్లకు జన్మలో కనబడదు.

జావాస్క్రిప్ట్‌లో పరిస్థితి ఇంకా అన్యాయం, అక్కడ ఆ పదాక్షరాల గుంపులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏమీ ఉండవు.

రెజెక్స్‌ను పక్కనబెట్టి చిన్న ఫంక్షన్ రాశాను. ఒక క్యారెక్టర్ యూనికోడ్ వర్గం అక్షరమో, మార్కో, అంకెనో అయితే అది పదంలో భాగం. కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరాలు కలవకుండా ఆపేది), జాయినర్ (కలిపేది) రెండూ కూడా పదంలో భాగమే. పైథాన్‌కు విడిగా దొరికే "రెజెక్స్" మాడ్యూల్ వాడినా గుణింతాల సమస్య తీరుతుంది, కానీ ఈ చిన్న పనికి ఇంకో ప్యాకేజీ ఎందుకని వదిలేశాను.

ఫిబ్రవరి: విభక్తుల గొడవ

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. ఎక్కువ కాలం తిన్నదీ ఇదే.

ఇంగ్లీషులో ఊరి పేరును బోల్డ్ చేస్తే దాని చుట్టూ ఖాళీలుంటాయి. తెలుగులో ఊరి పేరు వెంటనే లో, కి, నుంచి, తో అంటుకుని వస్తాయి. మనిషి రాసేది `*హైదరాబాద్*లో` అని. మూసే స్టార్ పక్కనే అక్షరం. ఎక్స్‌ఈపీ-0393 నియమం ఇక్కడ ఉదారంగా ఉంది: తెరిచే గుర్తు లైను మొదట్లోనో, ఖాళీ తర్వాతో, ఇంకో తెరిచే గుర్తు తర్వాతో ఉండాలి, దాని వెంట ఖాళీ ఉండకూడదు, మూసే గుర్తుకు ముందు ఖాళీ ఉండకూడదు, అంతే. తర్వాత ఏముందో అడగదు. 2014లో మార్క్‌డౌన్ నియమాలను బిగించి రాసిన కామన్‌మార్క్‌లో స్టార్‌తో అయితే ఇది నడుస్తుంది, అండర్‌స్కోర్‌తో నడవదు. స్టార్‌తోనూ ఒక మెలిక ఉంది: `**"హైదరాబాద్"**లో` అని కొటేషన్ గుర్తులు లోపల పెడితే మూసే స్టార్లకు ముందు విరామచిహ్నం, తర్వాత అక్షరం వచ్చి, అవి మూసే గుర్తులుగా చెల్లవు. స్టార్లు అలాగే తెర మీద మిగిలిపోతాయి. చైనీస్, జపనీస్ రాసేవాళ్లు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్న సమస్యే ఇది. పదాల మధ్య ఖాళీ ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన నియమం మరి.

చదివేటప్పుడు మా బాట్ ఉదారంగా ఉంటుంది: ముందు ఖాళీ ఉన్న స్టార్‌తో మొదలైతే, మూసే స్టార్ తర్వాత తెలుగు అక్షరం ఉన్నా ఒప్పుకుంటుంది.

అసలు చిక్కు గుర్తు తీసేశాక మొదలైంది. `*హైదరాబాద్*లో` నుంచి రెండు స్టార్లూ తీసేస్తే మిగిలేది "హైదరాబాద్లో". పొల్లు పక్కకు నేరుగా ల వచ్చి చేరింది, ద కింద ల ఒత్తు పడింది. రాసిన మనిషి కళ్ల ముందు స్టార్ అడ్డుగా ఉంది కాబట్టి నాన్ జాయినర్ కొట్టాల్సిన అవసరమే రాలేదు. స్టార్ ఆ పని చేసిపెట్టింది. స్టార్‌ను తీసేది మనం కాబట్టి ఆ పని కూడా మనమే చేయాలి. ఇప్పుడు బాట్ ఏ గుర్తునైనా తీసేటప్పుడు రెండు పక్కలా చూస్తుంది: ఎడమ పొల్లు, కుడి హల్లు అయితే మధ్యలో ఒక నాన్ జాయినర్ పెడుతుంది. ఫోన్ తెర పైన వచ్చే నోటిఫికేషన్‌లో బోల్డ్ ఉండదు కదా, అక్కడ ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇదే దారిలో పాత బాట్‌లోని ఒక "శుభ్రం చేసే" లైను కూడా దొరికింది. కనబడని క్యారెక్టర్లన్నీ చెత్త అని ఊడ్చేస్తోంది. సాఫ్ట్‌వేర్ అన్న మాట సాఫ్ట్వేర్ అవడానికి కారణం అదీ. ఇలాంటి లైన్లు చాలా ప్రాజెక్టుల్లో స్పామ్ అడ్డుకునే పేరుతో ఉంటాయి. నాన్ జాయినర్ తెలుగుకు స్పెల్లింగులో భాగమని ఎవరో ఒకరు చెప్పాలి.

పంపేటప్పుడు ఏం చేయాలి? మూసే గుర్తు పక్కన అక్షరం ఉంటే ఒప్పుకోని యాప్‌లకు, లేదా నమ్మకం లేని వాటికి, బోల్డ్‌ను పదం చివరి దాకా సాగదీయాలని నిర్ణయించాను: `*హైదరాబాద్‌లో*`. విభక్తి కలిపి చదివితేనే మనకు అది ఒక పదం, కాబట్టి అది కూడా బొద్దుగా కనబడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వ్యాకరణం చర్చించేటప్పుడు మాత్రం ఇబ్బంది. "ఇంటిలో" అన్న మాటలో "లో" ఒక్కదాన్నే బోల్డ్ చేసి చూపిస్తారు. అక్కడ సాగదీస్తే చెప్పదలచుకున్నదే పోతుంది. బోల్డ్ పదం మధ్యలో మొదలైతే సాగదీయకుండా, చూపలేని యాప్‌లో పూర్తిగా వదిలేస్తున్నాను. మ్యాట్రిక్స్, టెలిగ్రామ్ ఎలాగూ దాన్ని బాగానే చూపుతాయి.

ఫాంట్ల గ్రూపు కదా, ఇంకా సూక్ష్మంగా వెళ్లేవాళ్లున్నారు. ఒకాయన క్ష లో ఒత్తును మాత్రమే ఎంపిక చేసి బోల్డ్ పెట్టారు. రేంజి (శైలి వర్తించే భాగం) అక్షరం మధ్యలో మొదలైంది. ఇలాంటి చోట తెంచితే చుక్కల వృత్తం మీద గుణింతం వేలాడుతుంది. అందుకని ప్రతి రేంజినీ నిండు అక్షరం అంచుకు జరుపుతున్నాను. నిండు అక్షరం అంటే ఏమిటన్నది లైబ్రరీ వెర్షన్‌ను బట్టి మారుతుంది: 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందు క్ష రెండు ముక్కలుగా లెక్క, ఆ తర్వాత ఒకటే. సర్వర్ మీద లైబ్రరీని కొత్తదానికి మార్చాను.

శివరాత్రి వారం: పంపే వైపు

టెలిగ్రామ్. మార్క్‌డౌన్ రెండో వెర్షన్‌లో పంపాలంటే, అవి మార్కప్ గుర్తులు కావని చెప్పడానికి 18 క్యారెక్టర్ల ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. ఆ 18లో ఫుల్‌స్టాప్ ఉంది, హైఫన్ ఉంది, ఆశ్చర్యార్థకం ఉంది. ఒక్కటి మర్చిపోతే మెసేజ్ మొత్తం తిరుగుటపాలో వస్తుంది. వాక్యం చివర చుక్క పెట్టినందుకు శిక్ష. నా దగ్గర పాఠ్యం, రేంజులు విడిగా సిద్ధంగా ఉన్నాయి కాబట్టి మార్కప్ రాయకుండా వాటినే నేరుగా పంపుతున్నాను. 4,096 క్యారెక్టర్ల పరిమితి ఒక్కటే చూసుకోవాలి.

మ్యాట్రిక్స్. ఒకే మెసేజ్‌లో మామూలు పాఠ్యం ఒకటి, హెచ్‌టీఎమ్ఎల్ రూపం ఒకటి వెళ్తాయి. హెచ్‌టీఎమ్ఎల్ ట్యాగులు ఒకదానిలో ఒకటి ఇమడాలి, సగం సగం అతుక్కోకూడదు. రేంజులకు ఆ నియమం లేదు. ఒక వాక్యంలో మొదటి మూడు మాటలు బోల్డ్, రెండో మాట నుంచి అయిదో మాట దాకా ఇటాలిక్ ఉండొచ్చు. అంచులన్నీ వరుసలో పెట్టి, ప్రతి అంచు దగ్గర అవసరమైన ట్యాగులు మూసి మళ్లీ తెరిచే పద్ధతి రాశాను. వచ్చే వైపు కూడా అవతలి హెచ్‌టీఎమ్ఎల్‌ను ఎక్కడా అలాగే ముందుకు పంపను. తెలిసిన ట్యాగులను రేంజులుగా మార్చి, తెలియనివి పారేసి, లోపలి పాఠ్యం మాత్రం ఉంచుతాను. ఎక్స్‌ఎంపీపీలో ఒకప్పుడు ఎక్స్‌ఈపీ-0071 పేరుతో మెసేజ్‌లో హెచ్‌టీఎమ్ఎల్ పంపే పద్ధతి ఉండేది. వెబ్ క్లయింట్లు దాన్ని వడకట్టకుండా పేజీలో పడేస్తే ఎవరి స్క్రిప్టు అయినా నడిచిపోయే ప్రమాదం ఉండేది. 2018లో దాన్ని వాడొద్దన్నారు. అది తెలిశాక, వడకట్టే కోడ్ రాయడం కంటే మళ్లీ మొదటి నుంచి కట్టడమే సులువనిపించింది.

వాట్సాప్. ఇక్కడ బాట్ పంపదు, కాపీ చేసుకోవడానికి పాఠ్యం తయారుచేసి ఇస్తుంది. బోల్డ్, ఇటాలిక్, కొట్టివేత ఎప్పటి నుంచో ఉన్నాయి, 2024 ఫిబ్రవరిలో లిస్టులు, కోట్, లైనులో కోడ్ వచ్చాయి. అండర్‌లైన్ లేదు, వదిలేశాను. గుర్తును గుర్తుగా కాకుండా మామూలు స్టార్‌గా చూపమని చెప్పడానికి బ్యాక్‌స్లాష్ లాంటిదేమీ లేదు. స్టార్‌కు బదులు దానిలాగే కనబడే ఇంకో గుర్తు పెట్టమని సలహా వచ్చింది. ఒప్పుకోలేదు. ఎవరైనా ఆ లైనును కాపీ చేసి కోడ్‌లో పెట్టుకుంటే పని చేయదు. బోల్డ్ అదనంగా పడినా భరించొచ్చు, రాసిన అక్షరం మాత్రం మారకూడదు.

ఫోన్‌లో వేలితో ఎంపిక చేసినప్పుడు చివరి ఖాళీ కూడా బోల్డ్‌లోకి వచ్చేస్తుంటుంది. `*ముఖ్యం *` అని వెళ్తే గుర్తులు పని చేయవు. కాబట్టి రేంజి అంచుల్లోని ఖాళీలను బయటికి నెడుతున్నాను. మూడు లైన్ల మీదుగా సాగిన బోల్డ్‌ను లైనుకొకటిగా ముక్కలు చేస్తున్నాను. ఎక్స్‌ఎంపీపీకీ ఇదే కోడ్ సరిపోయింది.

ఇటాలిక్ గురించి ఒక మాట. తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ అనేది చాలావరకు లేదు. నోటో సాన్స్ తెలుగులోనూ లేదు. యాప్ మామూలు అక్షరాన్నే పక్కకు వంచి చూపుతుంది, తలకట్లు ఒరిగిపోయి చదవడానికి చిరాకు. అయినా రాసినవాళ్లు పెట్టారు కాబట్టి పంపుతున్నాను, మనసొప్పకుండానే.

మార్చి మొదట్లో: ఐఆర్‌సీ

1988లో ఫిన్లాండ్‌లో పుట్టిన పద్ధతి. ఒక మెసేజ్ లైను చివరి రెండు బైట్లతో కలిపి 512 బైట్లు దాటకూడదు. ముందు చేరే పేర్లు, చిరునామా పోను చేతికి నాలుగు వందల చిల్లర మిగులుతాయి. తెలుగులో నాలుగక్షరాల శ్రీకాకుళం 30 బైట్లు. రెండు వాక్యాలు రాసేసరికి లైను నిండిపోతుంది. కాబట్టి ముక్కలు చేయక తప్పదు. బైట్ల లెక్కన కళ్లు మూసుకుని కోస్తే ఒక కోడ్ పాయింటే మధ్యలో తెగి ప్రశ్నార్థకపు డబ్బాలు వస్తాయి. కోడ్ పాయింట్ల దగ్గర కోస్తే శ్రీ ఒక లైనులో శ్‌గా, ఇంకో లైనులో రీగా చీలుతుంది. నిండు అక్షరం దగ్గర, వీలైతే ఖాళీ దగ్గర కోస్తున్నాను. లైను మారితే శైలి కూడా పోతుంది కనుక కొత్త లైను మొదట్లో బోల్డ్ కోడ్ మళ్లీ పెట్టాలి.

వచ్చే వైపు రంగుల కోడ్లు ఉంటాయి: 3వ కంట్రోల్ క్యారెక్టర్, దాని వెనక ఒకటి రెండు అంకెలు. మాకు రంగులు అక్కర్లేదు, తీసేయడమే. తీసేసే రెజెక్స్‌లో "ఏదైనా అంకె" అని రాస్తే పైథాన్ తెలుగు అంకెలను కూడా అంకెలుగానే చూస్తుంది. రంగు ముగించి వెంటనే "౫ గంటలకు" అని రాసిన మెసేజ్‌లో ౫ మాయమైంది! అక్షరాల విషయంలో గుణింతాన్ని కాదన్న పైథాన్ ఇక్కడ తెలుగు అంకెను ఆదరంగా లోపలికి పిలిచింది. 0 నుంచి 9 వరకు అని విడిగా రాసి ముగించాను.

మార్చి చివర్లో

కొత్త భాగం అసలు గదుల్లో నడుస్తోంది. టెస్టుల కోసం గ్రూపు పాత మెసేజ్‌ల నుంచి, రాసినవాళ్లను అడిగి, పేర్లు తీసేసి ఒక సంచయం తయారుచేశాను. ప్రతి మెసేజ్‌ను ఒక యాప్ పద్ధతిలో కట్టి, మళ్లీ విప్పి, గుర్తులు తీసేసిన పాఠ్యం ఒకటేనా కాదా అని చూస్తుంది. శైలి తేడా వస్తే హెచ్చరిక మాత్రమే. పాఠ్యంలో ఒక్క కోడ్ పాయింట్ తేడా వచ్చినా టెస్టు ఫెయిల్. బాట్ తానుగా చేర్చిన నాన్ జాయినర్‌కూ, "రద్దు" లాంటి మాటలకూ మాత్రం మినహాయింపు, వాటికి విడిగా గుర్తు వేసి ఉంచుతున్నాను.

లిస్టులు ఇంకా సరిగా కుదరలేదు. మ్యాట్రిక్స్‌లో లిస్టు లోపల లిస్టు వస్తే వాట్సాప్‌కు ఒకే అంతస్తులో పరిచి పంపుతున్నాను, లోపలి అంశాలకు ముందు డాష్ పెట్టి. కోడ్ ముక్కలో బ్యాక్‌టిక్ (`) ఉంటే కామన్‌మార్క్‌లో ఎక్కువ బ్యాక్‌టిక్‌లతో చుట్టొచ్చు. ఎక్స్‌ఎంపీపీలో ఆ వెసులుబాటు లేక మామూలు పాఠ్యంగా వెళ్తోంది. డిస్కార్డ్ అడిగారు. గుర్తులు తెలిసినవే, 2,000 క్యారెక్టర్ల పరిమితికి ఐఆర్‌సీ కోసం రాసిన కోత కోడ్ పనికొస్తుంది.

మిగిలిన పెద్ద పని ఎడిట్లు. టెలిగ్రామ్‌లో, మ్యాట్రిక్స్‌లో పంపిన మెసేజ్‌ను సవరించొచ్చు. ఐఆర్‌సీలో పోయింది పోయినట్టే. ఎవరో ఒక మాటను బోల్డ్ చేసినందుకే మెసేజ్ మొత్తం అక్కడ మళ్లీ పడుతోందని ఐఆర్‌సీ మిత్రులు విసుక్కుంటున్నారు. పాఠ్యం, శైలి విడిగా ఉన్నాయి కాబట్టి పాఠ్యం మారిందా లేదా అన్నది ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. బోల్డ్, ఇటాలిక్ మాత్రమే మారితే ఐఆర్‌సీకి ఏమీ పంపకూడదు, కొట్టివేత చేరితే మాత్రం పంపాలి. పాఠ్యం మారితే "సవరణ:" అని మారిన లైను ఒక్కటే పంపాలి. వచ్చే విడతలో ఆ పని.